పందివేటయు పసితనమును

పసితనము పోవుట యన నేమి? ఈ ప్రశ్నకు మనలో ననేకులు తడుముకొనక సమాధానము చెప్పుదురు. బిడ్డ మొదటి యబద్ధమాడిననాడు పోయెనని యొకరు, చెడు సావాసము పట్టిననాడు పోయెనని యొకరు, లోకజ్ఞానము కలిగిననాడు పోవక తప్పదని మఱియొకరు. ఈ మాటలన్నిటిలోను పసితనము తెల్లని బట్టవంటి దనియు, మఱక వెలుపలనుండి వచ్చి దాని కంటుననియు భావము కలదు. మఱక వెలుపలనుండియే వచ్చునా? వచ్చినచో ఏ వాకిట వచ్చును? ఈ సంగతి తేలనిదే బిడ్డలను పెంచు విధము తేలదు. కావున దీనిని గూర్చి కొంత విచారింతము.

విచారమునకు ముందు నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పుకొనవలసి యున్నది. మానుకోటకు దాపున నున్న కురవి ప్రాంతమున నా బాల్యము గడచినది. ఒకనాటి మధ్యాహ్నము అయిదాఱుగురము పిల్లలము చెఱువుకట్టపై పోవుచుండగా ఒక తొండ రాతిపై నెండ కాచుకొనుచు తల యాడించుచుండెను. అది మమ్ము వెక్కిరించుచున్న దని యొకడనెను. మొదటి రాళ్లు దాని చుట్టును పడినవి. నా రాయియు నట్లే కావలసి దూరముగా వేసితిని. పిమ్మట నెవనిదో తగిలినది. అంతట అందఱికి నవ్వు వచ్చెను. ఆ నవ్వుతో మా చేతులకు గుఱి కుదిరినది. చచ్చిన దానిని పుల్లకు వ్రేలగట్టి ఊరేగించితిమి. మాలో మిక్కిలి చిన్నవాడు ఏడ్చుచు ఇంటికి పోయెను. వానిని పిఱికి యని గేలిచేసితిమి. సాయంకాలము మా నాయనమ్మ సంగతి విని, “అది నిన్నేమన్నదిరా?” అని యడిగినది. “అందఱు కొట్టినారు, నేనును కొట్టితిని” అంటిని. ఆమె మఱి మాటాడలేదు. ఆనాటి యన్నము నాకు సహింపలేదు. కాని మఱునాడు మరల ఆ పిల్లలతోనే ఆటకు పోతిని.

అనేక సంవత్సరములకు విలియం గోల్డింగు వ్రాసిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ అను ఆంగ్ల నవలను చదువునపుడు ఆ చెఱువుకట్ట నా కన్నులకు గట్టినది. గోల్డింగు 1911లో జన్మించెను. బడిపంతులుగా బాలురతో మెలగినవాడు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు నౌకాదళమున పనిచేసి మనుష్యులు మనుష్యులకేమి చేయగలరో కన్నులార చూచినవాడు. ఆ నవల 1954లో వెలువడెను. 1983లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. కథ క్లుప్తముగా నిది. మహాయుద్ధకాలమున ఆంగ్లబాలుర నెక్కించుకొని పోవుచున్న విమానము కూలి, పిల్లలు పెద్ద లెవ్వరును లేని ద్వీపమున చిక్కుకొందురు. రాల్ఫు అనువానిని నాయకునిగా నెన్నుకొందురు. శంఖము చేత బట్టినవాడే మాటాడవలె నని కట్టడి చేసికొందురు. దారిన పోవు ఓడలకు గుర్తుగా కొండపై నిప్పు నిలుపబూనుదురు. జాకు అనువాడు వేటగాండ్రకు పెద్ద యగును. క్రమముగా శంఖము మాట సన్నగిల్లి ఈటె మాట చెల్లును.

ఈ పతనమునకు కీలకము ఎనిమిదవ ప్రకరణమునందలి పందివేట. దానిని తెలిసికొనుటకు మొదటి ప్రకరణమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అచ్చట జాకునకు తీగలలో చిక్కిన పందిపిల్ల యొకటి కనబడును. అతడు కత్తి యెత్తును; కాని దింపలేడు. ఆ నిలుచున్న క్షణమున పిల్ల తప్పించుకొని పోవును. ప్రాణమున్న మాంసమును కోయుటయు, ఆ రక్తమును చూచుటయు ఎంత ఘోరమో ఆ బాలునకు లోపల నెవరో చెప్పినట్లుండెను. అతడు సిగ్గుపడి, ఇక ముందు జంకనని కత్తిని చెట్టుబోదెకు పొడుచును. ఇందు గమనింపవలసినది కత్తిని గాదు, సిగ్గును. జాలి కలిగినందులకు బాలుడు సిగ్గుపడెను! నేర్పినదెవరు? ఆ ద్వీపమున నింకను ఎవ్వరు నేమియు నేర్పలేదు. ఆ సిగ్గును అతడు ఇంటినుండియే తెచ్చుకొనెను.

ఇట్టిదే మఱియొక ఘట్టము. రోజరు అను బాలుడు సముద్రతీరమున నాడుకొను పసివాని చుట్టును రాళ్లు విసరుచు, వానికి మాత్రము తగులనీయడు. తల్లిదండ్రులు, బడి, చట్టము కనబడని గీత గీచి వాని చేతిని పట్టుకొనియున్న వని గ్రంథకర్త సూచించును. మా తొండ చుట్టును పడిన మొదటి రాళ్ల కథయు నదియే. కాని గీత వెలుపల నుండి గీచినదైనచో, గీచినవారు కనుమఱుగైన పిదప చెఱగుటకు ఎంతసేపు? కథాంతమున బండరాతిని దొరలించి పిగ్గీ అను బాలుని చంపినవాడు ఈ రోజరే.

ఇక ఎనిమిదవ ప్రకరణము. మొగములకు రంగులు పూసికొనుట మరగిన వేటగాండ్రు అడవిలో నొక పందులమందను చూతురు. అందొక తల్లిపంది చెట్టునీడను పరుండి పిల్లలకు పాలిచ్చుచుండును. జాకు దానినే కోరుకొనును. ఈటెలు దిగిన ఆ తల్లి రక్తము కార్చుచు పరుగిడును, బాలురు వెంబడింతురు. పూలును సీతాకోకచిలుకలును నిండిన చోట అది కూలును. చంపిన పిదప వారు నవ్వుదురు. పొడిచిన విధమును తలచుకొని మరల మరల నవ్వుదురు. తుదకు తలను కోసి, రెండు కొనలు చెక్కిన కఱ్ఱకు గ్రుచ్చి, తాము భయపడుచున్న అడవిమృగమునకు కానుకగా విడిచిపోదురు. ఈగలు ముసురుకొన్న ఆ తలయే ‘ఈగల ప్రభువు’. దానిని పొదచాటునుండి చూచువాడు సైమను అను సాధుబాలుడు. వారు వెఱచు మృగము వేఱెచ్చటను లేదు, తమలోనే యున్నదని తెలిసికొన్నవాడు వాడొక్కడే.

పసితనము ఇందెచ్చట పోయినది? పందిని చంపుటలోనని తొందరపడి చెప్పరాదు. పిల్లలు ఆకలిగొని యున్నారు. ఆకలి పాపము గాదు. నాకు తోచిన ద్వారములు మూడు. మొదటిది, పాలిచ్చుచున్న తల్లిని చూచియు చేయి జంకకపోవుట. రెండవది, చంపినపుడు గుంపులో పుట్టిన నవ్వు. ఒక్కొక్క బాలునకు విడివిడిగా నుండిన జంకు ఆ నవ్వులో కరగి పోయినది. రంగు పూసిన మొగము వెనుక “నేను” అనువాడు లేడు, “అందఱు” అనువాడే యున్నాడు. మూడవది, మిక్కిలి లోతైనది, భయమునకు పెట్టిన నైవేద్యము. భయమును పరీక్షింపక దానికి పాలు పంచియిచ్చినచో అది దేవత యగును. దేవతయైన భయము మఱునాడు మఱింత యడుగును. ఇచ్చటను అట్లే జరిగినది. ఆ రాత్రి గాలివానలో పందివేటను నటించుచు ఆడుచున్న గుంపులోనికి, మృగము లేదను వార్త చెప్పుటకై సైమను వచ్చును. వారు వానినే మృగమనుకొని చంపుదురు.

మాంసాహారమే యీ యనర్థమునకు మూలమని మన సంస్కర్తలలో కొందఱనవచ్చును. దీనికి బదులు మన యిండ్లలో శివరాత్రినాడు చెప్పుకొను కథలే చెప్పుచున్నవి. కురవి వీరభద్రస్వామి జాతర శివరాత్రికే యగుట చేత, జాగరణరాత్రి వ్యాధుని కథ వినని బిడ్డ ఆ ప్రాంతమున అరుదు. ఇంట ఆకలిగొన్న ఆలుబిడ్డలు గల వేటకాడు నీటియొడ్డున మారేడుచెట్టెక్కి కూర్చుండును. లేడి వచ్చును. బిడ్డల నొకరికి ఒప్పగించి తిరిగి వత్తునని వేడుకొనును. అతడెత్తిన విల్లు దింపును. మఱియొకటి వచ్చును, మరల దింపును. తెల్లవాఱునప్పటికి మాట దప్పక అన్నియు వచ్చి నిలువగా, వానిని చంపలేక విడిచిపెట్టును. మారేడుపత్రి రాలి క్రిందనున్న లింగముపై పడిన పుణ్యమును మనము పిల్లలకు గట్టిగా చెప్పుదుము. విల్లు దింపిన చేతిని గూర్చి చెప్పుట మఱచుదుము. జాకు ఏ జంకునకు సిగ్గుపడెనో, ఆ జంకునే యీ కథ ముక్తికి మెట్టు చేసినది.

రెండవది తిన్నని కథ. తమిళమున శేక్కిళారును, మన భాషలో ధూర్జటియు చెప్పిన యీ బోయబాలుడు వేటకు వెడలి, పందిని తరుముకొని పోయి, అడవిలో కాళహస్తీశ్వరుని కనుగొనెను. ఇచ్చటను పందివేటయే. ఇచ్చటను మాంసమే నివేదన. తిన్నడు ఆ మాంసమును కాల్చి, నోట రుచి చూచి, మంచిముక్కలే యేరి స్వామికి పెట్టెను. అర్చకుడు దానిని చూచి రోసెను. కాని లింగము కంట రక్తము కారినపుడు తన కన్ను పెఱికి యిచ్చినవాడు తిన్నడే. చేతికంటిన రక్తమొక్కటే యైనను, ఆ ద్వీపబాలురు తాము వెఱచిన దానికి ఇతరప్రాణి తలను ఇచ్చిరి. తిన్నడు తాను వలచినవానికి తన కన్నిచ్చెను. వేట తిన్నని పసితనమును చెఱుపలేదు. కావున పసితనమును చెఱుపునది రక్తము గాదు. జాలికి సిగ్గుపడుటయు, గుంపులో దాగుటయు, భయమును కొలుచుటయు.

గోల్డింగు తీర్పు మిక్కిలి కఠినమైనది. ఏ బాలురనైనను విడిచినచో మృగములే యగుదురని ఆయన నవల చదివినవారికి తోచును. కాని లోకమునందు వేఱొక సాక్ష్యము కలదు. 1965లో టోంగా దేశమున ఆఱుగురు బాలురు బడినుండి పాఱిపోయి, అడుగక తీసికొన్న పడవపై సముద్రమున బడి, తుపానుచే కొట్టుకొని పోయి ‘ఆటా’ అను నిర్జనద్వీపమును చేరిరి. 1966 సెప్టెంబరులో పీటరు వార్నరు అను ఆస్ట్రేలియా నావికుడు చూచువఱకు, ఏడాదికి పైగా వారచ్చట బ్రతికిరి. వంతులు వేసికొని పనిచేసిరి. నిప్పును ఆఱనీయలేదు. ఒకని కాలు విఱుగగా తక్కినవారు కట్టుగట్టి వాని పని తాము చేసిరి. తగవు వచ్చినపుడు తగవుపడిన వారు చెఱియొక దిక్కునకు పోయి, కోపము చల్లారిన పిదప తిరిగి కలిసికొనెడివారు. వీరు ముందే స్నేహితులు, ఆఱుగురే, నవలలోని బాలురవలె పరస్పరము క్రొత్తవారు గారు. ఈ భేదమును కాదనరాదు. అయినను పెద్దలు లేనిచోట పిల్లలకు పతనమే గతియను మాట సిద్ధాంతము గాజాలదని యిది నిరూపించినది.

నవల తుదిని గోల్డింగు తానే యీ ద్వారమును కొంచెము తెఱచి యుంచెను. రాల్ఫును వేటాడుచున్న బాలుర యెదుట నౌకాధికారి యొకడు నిలుచును. ఆంగ్లబాలురు ఇంతకంటె చక్కగా మెలగవలసి యుండెనని యతడు నొచ్చుకొనును. అతని వెనుక నున్నది యుద్ధనౌక. పిల్లల వేటను మాన్పినవాడు పెద్దల వేటకు పోవుచున్నవాడు! రాల్ఫు పసితనము పోయినదని యేడ్చునపుడు, ఆ పెద్దమనిషి తొలగి తన ఓడవైపు చూచుచు నిలుచుండును. ఎవరినుండి నేర్చుకొనిరో చెప్పుటకు ఇంతకు మించిన చిత్రమక్కఱ లేదు.

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. అన్నము తినని బిడ్డకు “బూచివాడు వచ్చును” అని చెప్పి ముద్ద మ్రింగించు తల్లి, ఆ ముద్దతోడనే భయమునకు మొదటి నైవేద్యమును నేర్పుచున్నది. కుక్కపిల్లను కొట్టుట చూచి యేడ్చిన కొడుకును “ఆడదానివలె నేడ్చెదవా?” అని గద్దించు తండ్రి, ఆ యొక్కమాటతో కూతురి నవమానించి, కొడుకు జాలికి సిగ్గును గఱపుచున్నాడు. తరగతిలో నొకని నిలువబెట్టి తక్కినవారిచేత నవ్వించు పంతులు, గుంపునవ్వు రుచి చూపుచున్నాడు. ఇవి చిన్నవి, నిత్యము జరుగునవి, ఎవరును దోషమనుకొననివి. గీతలు గీచుట మాత్రమే తెలిసి, గీత యెందుకో చెప్పనివారము మనము. బెత్తము చాటైన నాడు ఆ గీతయు చాటగును.

కావలసినది కట్టడి లేకుండుట గాదు. కట్టడికి లోపల వేరుండుట. బిడ్డ చేయి జంకినపుడు ఆ జంకును మెచ్చుకొనవలెను. భయపడినపుడు దీపము తీసికొని వానితోకూడ పోయి ఆ మూలను చూపవలెను. “అందఱు చేసినారు” అన్నపుడు “నీవెందుకు చేసితివి?” అని యడిగి, ఉత్తరము వచ్చువఱకు ఓపికతో నుండవలెను. మా నాయనమ్మ యడిగిన ప్రశ్నకు నేనానాడు చెప్పినది ఉత్తరము గాదు. ఆమె కొట్టియుండినచో దెబ్బతో మఱచియుందును. కొట్టక యడిగి యూరకుండుట చేత ఆ ప్రశ్న నేటికిని నాతోనే యున్నది. ఆనాడు ఏడ్చుచు ఇంటికి పోయిన చిన్నవానికి మాత్రము, మేము పిఱికి యని గేలిచేసిన యా బాలునకు, నీవే సరిగా చేసితివని నేనెన్నడును చెప్పలేదు. వచ్చు శివరాత్రికి వ్యాధుని కథ చెప్పు తల్లిదండ్రులు, మారేడుపత్రి రాలుటకు ముందు విల్లు దిగిన క్షణమున ఒక్కింత ఆగి, అతడెందుకు దింపెనో బిడ్డలనే అడుగుదురుగాక.