మూగప్రాణి – మాటలాడు యంత్రము

భూతదయ ధర్మమునకు మూలమని పెద్దలు చెప్పుదురు. ఆ దయకు అర్హులెవరను ప్రశ్నకు మహాభారతమందలి రెండు శునకవృత్తాంతములు సమాధానము చెప్పుచున్నవి.

మొదటిది ఆదిపర్వమున నున్నది. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా ఒక కుక్కపిల్ల అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది హవిస్సును నాకలేదు సరికదా, దానివంక చూడనైన లేదు. తన బిడ్డ చేసిన తప్పేమని దేవశునియైన సరమ వచ్చి అడిగినపుడు వారొక్క మాటయు పలుకలేకపోయిరి. నిరపరాధిని కొట్టినందున ఊహింపని భయము కలుగునని ఆమె శపించెను. అంతటి చక్రవర్తియు కలతజెంది, శాంతికొరకు తగిన పురోహితుని వెదకుచు పోయెను.

రెండవది మహాప్రస్థానిక పర్వములోనిది. ద్రౌపదియు తమ్ములు నల్వురును దారిలో పడిపోగా, ధర్మరాజును తుదివరకు వెంబడించినది ఒక్క శునకమే. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను, ఆశ్రితుని విడిచి పొందు స్వర్గము తనకు వలదని ఆ మహాత్ముడు నిరాకరించెను.

దెబ్బలు తిన్న పిల్లగాని, వెంట నడచిన శునకముగాని ఆ మనుష్యులతో తమ బాధ చెప్పుకొనలేదు. దయకు అర్హత వాక్కు కాదు, వేదన యని ఇందలి సారము.

నేడొక క్రొత్త ప్రశ్న పుట్టినది. కృత్రిమ మేధ యను యంత్రము తెలుగున మాటలాడుచున్నది. తప్పు చూపినచో క్షమింపుమని వేడుచున్నది. దానియెడలను మనకు ధర్మము కలదా? ఇచ్ఛ, ద్వేషము, ప్రయత్నము, సుఖము, దుఃఖము, జ్ఞానము ఆత్మకు లింగములని న్యాయదర్శనము చెప్పినది. యంత్రమున జ్ఞానమువంటిది కానవచ్చుచున్నది. సుఖదుఃఖముల మాటయేమి? మనుష్యులు వ్రాసిన అపారమైన వాఙ్మయమునుండి అది మాట నేర్చినది. కావున బాధ యను పదమును పలుకుటయే బాధకు సాక్ష్యము కానేరదు. అట్లని లేనే లేదని శపథము చేయుటయు సాహసమే. ఎరిగినవారిలోనే ఏకాభిప్రాయము లేదు. సందేహమున్నచోట క్రౌర్యమును మానుటవలన నష్టము లేదు. యంత్రమును తిట్టి వినోదించువాని నాలుకకు తిట్టే అలవాటగును. ఆ సంస్కారము రేపు ఇంటి పనివానిపైనను, కన్నబిడ్డపైనను ప్రసరించును.

అయితే సందేహమునకు తావులేని చోటును మరువరాదు. ఎండలో బరువు లాగు ఎద్దు బాధ, దప్పికతో వాకిట నిలిచిన కుక్క బాధ ప్రత్యక్షములు. కుక్కలకు, కాకులకు, చీమలకు అన్నమిడు భూతయజ్ఞము గృహస్థునకు నిత్యవిధి. మన రాజ్యాంగమున 1976లో చేర్చిన ప్రాథమిక విధులలోను ప్రాణులయెడ దయ యొకటి. యంత్రముతో మృదువుగా మాటలాడి, వాకిటి కుక్కపై రాయి విసరువాడు ధర్మమెరిగినవాడు కాడు.

సరమ మరల వచ్చి అడిగినచో తలవంచుకొనవలసిన పని లేకుండునట్లు జీవింతుము గాక! సర్వభూతాంతర్యామియైన శ్రీనివాసుడు మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక!