కర్ఫ్యూ అందరిదీ, వైద్యం ఎవరిది?

2020 మార్చి 30న సౌదీ రాజు సల్మాన్ ఒక ఆదేశమిచ్చారు. కరోనా సోకినవాడు సౌదీ పౌరుడా, అకామా (నివాస అనుమతి) మీద ఉన్న విదేశీయుడా, వీసా నిబంధన దాటినవాడా అని చూడకుండా ఉచితంగా వైద్యం చేయాలని దాని సారాంశం. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లి, కాగితాలు లేక ‘ఖల్లివెల్లి’ అనిపించుకుంటున్న కూలీకి కూడా అందులో చోటు దొరికింది. ఆదేశం మంచిదే. ఆలోచించాల్సింది దాని వెనక కారణం గురించి. పక్కగదిలో ఒకడికి వైద్యం అందకపోతే మనకూ ముప్పే కదా అన్న వాదన ఆ రోజుల్లో ప్రపంచమంతా వినిపించింది. లెక్కగా అందులో తప్పేం లేదు. ధర్మానికి మాత్రం అది బలహీనమైన పునాది. పరాయివాడికి చేసే వైద్యం మన ప్రాణభయం మీదే ఆధారపడితే, భయం తీరిన రోజున వైద్యమూ ఆగాలి.

ఆ బలహీనత ఎక్కడికి దారితీస్తుందో సింగపూర్‌లో కనిపించింది. అక్కడ భవన నిర్మాణంలో పనిచేసేవాళ్లు, ఎక్కువగా బంగ్లాదేశీయులూ భారతీయులూ, డార్మిటరీల్లో ఉంటారు. అప్పట్లో ఒక గదిలో ఒకదానిమీద ఒకటిగా ఇనుప మంచాలు, పన్నెండు నుంచి ఇరవై మంది, అందరికీ కలిపి మరుగుదొడ్లు. 2020 ఏప్రిల్‌లో జబ్బు అక్కడ దావానలంలా వ్యాపించింది. దాదాపు 3,23,000 మందిలో 47 శాతం మందికి సోకినట్టు డిసెంబరులో ప్రభుత్వమే తేల్చింది. వైద్యానికి లోటు చేయలేదు, ఖర్చు కూలీల మీద వేయలేదు, మరణాలు బహు స్వల్పం. మెచ్చుకోవాల్సిందే. కానీ జూన్‌లో నగరానికి ఆంక్షలు సడలించడం మొదలయ్యాక కూడా కూలీలకు పనిచోటూ, గదీ, దగ్గర్లోని వినోద కేంద్రం తప్ప మరో లోకం లేకుండా పోయింది. వారానికి ఐదు వందల మందిని నగరంలోని లిటిల్ ఇండియాకు వెళ్లి రానిస్తామని ప్రయోగాత్మకంగా ఒప్పుకున్నది 2021 సెప్టెంబరులో. అప్పటికి వాళ్లలో ఎక్కువమంది టీకాలు కూడా వేయించుకున్నారు. మన భద్రత కోసమే ఒకడికి వైద్యం చేసినప్పుడు వాడు రోగిగా కాక అంటు పుట్టే చోటుగా కనిపిస్తాడు. అందుకే మందుతో పాటు తాళం కూడా పడింది.

మరి గట్టి పునాది ఏది? మతాలను అడిగితే మొదట అతిథి ధర్మాన్ని చూపిస్తాయి. తైత్తిరీయోపనిషత్తు అతిథిని తల్లిదండ్రుల, గురువు వరసలో నిలబెట్టింది. ఖురాన్ జకాత్ దానం అందుకోదగిన ఎనిమిది వర్గాల్లో బాటసారిని చేర్చింది. ఇవి ఉత్త మాటలుగా మిగిలిపోలేదు. రుద్రమదేవి కాలంలో, 1261లో, ఇప్పటి అమరావతి ప్రాంతంలోని మల్కాపురంలో వేసిన శాసనం ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొంది. అన్నసత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలంది. ఆ ధర్మసంస్థను నడిపిన విశ్వేశ్వర శివాచార్యుడు గౌడదేశం నుంచి వచ్చినవాడు, ఇవాళ్టి లెక్కలో పరాయివాడే. మరో పాతికేళ్లు తిరక్కుండా కైరోలో సుల్తాన్ కలావూన్ కట్టించిన ఆసుపత్రి దానపత్రం కూడా స్థానికుడనీ పరదేశి అనీ తేడా చూడొద్దంది. ఇంత గొప్పదైనా ఈ ధర్మం మన ప్రశ్నకు చాలదు. అతిథి ఇవాళ వచ్చి రేపు వెళ్లేవాడు. సౌదీలోని దమ్మామ్‌లో పదిహేనేళ్లుగా పైపులు బిగిస్తున్నవాడు అతిథి ఎలా అవుతాడు? పైగా అతిథికి పెట్టడం గృహస్థు మంచితనం. పెట్టకపోతే పాపమంటారు గానీ, ‘నాకు బాకీ ఉన్నావు’ అని నిలదీసే వీలు అతిథికి లేదు.

బాకీ అనేది రాజధర్మంలో ఉంది. పంటలో ఆరో వంతు తీసుకునే రాజు అందుకు బదులు రక్షణ ఇవ్వాలనీ, ఇవ్వకపోతే ప్రజల పాపంలో వాటా మోయాలనీ మన ధర్మగ్రంథాలు లెక్క చెప్పాయి. ఏలుబడికీ రక్షణకూ ఉన్న ఆ ముడి మహమ్మారిలో మరీ బిగుసుకుంది. సౌదీ కర్ఫ్యూలో గడప దాటొద్దన్న ఆజ్ఞ పౌరుడికొకటి, విదేశీయుడికొకటిగా రాలేదు. ‘వాళ్ల దేశమే చూసుకోవాలి’ అనేవాళ్లున్నారు. కానీ 2020 మార్చి చివర్లో భారత్ అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తీసుకొచ్చే వందే భారత్ విమానాలు మే 7న గానీ మొదలవలేదు. ఆ నెలన్నర రియాద్ గదిలో జ్వరంతో మూలుగుతున్నవాడికి సొంత రాజ్యం పాస్‌పోర్టు మీద ముద్ర మాత్రమే. అతని ఒంటి మీద అధికారం చెలాయించినది అతను ఉన్నచోటి రాజ్యం. కదలొద్దని శాసించినవాడే అతని ప్రాణానికి పూచీ పడాలి.

పౌరుల పన్నులతో కట్టిన ఆసుపత్రి పౌరులకే అనే అభ్యంతరం బలమైనదే, కానీ గల్ఫ్‌లో అది సరిగ్గా అతకదు. సౌదీలో జీతం మీద ఆదాయపన్ను లేదు. విదేశీ ఉద్యోగి మాత్రం వెంట ఉన్న కుటుంబ సభ్యుల్లో ఒక్కొక్కరికి 2020 జూలై నుంచి నెలకు 400 రియాళ్లు కట్టేవాడు. అయినా నా వాదనను ఈ లెక్క మీద నిలబెట్టను. అలా నిలబెడితే రుసుము కట్టలేనివాడు జారిపోతాడు. ఇంతకన్నా కష్టమైన ప్రశ్న, వెంటిలేటర్ ఒక్కటే ఉంటే ఎవరికివ్వాలన్నది. పింఛన్లలో, ఉద్యోగాల్లో ప్రభుత్వం తన పౌరులకు ముందు చోటిస్తే నాకు పేచీ లేదు. అవి సభ్యత్వంతో వచ్చేవి. ఊపిరితిత్తుల పరిస్థితి గురించి మాత్రం పౌరసత్వం ఏమీ చెప్పదు. బతికే అవకాశం ఎవరికెంత అన్నది డాక్టరు తేల్చాలి, పాస్‌పోర్టు కాదు.

కాగితాల్లేనివాడు చట్టాన్ని మీరాడు కదా అంటారు. చాలాసార్లు మీరింది కఫీల్, అంటే వీసా పూచీ పడి పనిలో పెట్టుకున్న యజమాని. అకామా రెన్యువల్ చేయించడు, అడిగితే పారిపోయాడంటూ హురూబ్ పెడతాడు. నిజంగానే మీరినా, ఆ తప్పుకు జరిమానా ఉంది, వైద్యం ఆపడం ఏ శిక్షాస్మృతిలోనూ లేదు. ఉచితమన్నంత మాత్రాన సరిపోదు కూడా. ఆసుపత్రి గేటు దగ్గర కార్డు అడుగుతారంటే అలాంటివాడు ఆ దరిదాపులకే వెళ్లడు. 2020 మార్చిలో పోర్చుగల్ ఈ చిక్కును వేరేగా విప్పింది. నివాస దరఖాస్తు పెండింగులో ఉన్నవాళ్లందరినీ జూన్ 30 దాకా నివాసులుగానే లెక్కించి, వైద్య సేవల తలుపు తెరిచింది.

మహమ్మారి పోయాక ఈ వాదన చెల్లుతుందా అంటే, కర్ఫ్యూ ఎత్తేసినా ఆజ్ఞ మొత్తం పోలేదు. కఫీల్ వ్యవస్థను 2021లో సౌదీ కొంత సడలించింది గానీ, విదేశీ కూలీ బతుకు ఇప్పటికీ చాలావరకు ఉద్యోగమిచ్చినవాడికి కట్టేసే ఉంది. ఆ కట్టు వేసింది రాజ్యమే. కిడ్నీలు చెడిపోయిన కూలీని తీసుకోండి. అతని జబ్బు ఎవరికీ అంటదు, కాబట్టి కరోనా ఆదేశం వర్తించదు. కంపెనీ బీమా కట్టడం మానేస్తే, ఆ రోజు నుంచి డయాలసిస్ ఖర్చు అకామా ఇచ్చిన ప్రభుత్వమే పెట్టుకుని, తర్వాత కంపెనీ దగ్గర వసూలు చేసుకోవాలి.