సర్వీసు డబ్బు: యజమాని దానమా, కార్మికుని హక్కా?

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన సోదరులు జుమా నమాజు తర్వాత తరచూ అడిగే మస్‌అలా ఒకటుంది. “మౌలానా! కఫీల్ పన్నెండేళ్ళు పని ఇచ్చాడు. వచ్చేటప్పుడు సర్వీసు డబ్బు అడిగితే ముఖం చిట్లించాడు. ఇచ్చింది పుచ్చుకుని సబర్ చేయాలా? గట్టిగా అడిగితే దురాశ అవుతుందా?” నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళు గల్ఫ్ సంపాదనతో నడిచాయి. కనుక ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం అవసరం.

ఇలాంటి సొమ్ము మన ప్రాంతానికి కొత్త కాదు. 1937లో బోధన్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికులకు గ్రాట్యుటీ అంటే ఏమిటో బాగా తెలుసు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం లెక్క కట్టింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్మికులు బకాయిల కోసం ఆందోళన చేశారు. అది దురాశ కాదు, చెమటకు ఖరీదు. మరి సముద్రం దాటగానే అదే హక్కు భిక్షగా ఎలా మారిపోతుంది?

గల్ఫ్‌కు వెళ్ళిన మన కార్మికులకు అక్కడి ప్రభుత్వాలు వృద్ధాప్యంలో నెలనెలా పింఛను ఇవ్వవు. దానికి బదులుగా ఉన్నదే సర్వీసు ముగింపు సొమ్ము. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి 5 సంవత్సరాలకు ఏడాదికి సగం నెల జీతం, ఆపై ప్రతి ఏడాదికి పూర్తి నెల జీతం రావాలి. చివరి జీతమే లెక్కకు ఆధారం. 1,200 రియాళ్ళ జీతంతో 12 ఏళ్ళు చేసినవానికి మొదటి ఐదేళ్ళకు 3,000, మిగతా ఏడేళ్ళకు 8,400, మొత్తం 11,400 రియాళ్ళు. తానే రాజీనామా చేస్తే రెండేళ్ళ లోపు ఏమీ రాదు. ఐదేళ్ళ వరకు మూడో వంతు, పదేళ్ళ లోపు మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితే పూర్తిగా వస్తుంది. యు.ఎ.ఇ.లో ఏడాది నిండినవారికి మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై 30 రోజులది. ఇళ్ళల్లో పనిచేసేవారి నియమాలు వేరు.

ఇక షరీఅత్ దృష్టితో చూద్దాం. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే విశ్వాసులకు ఆజ్ఞ ఉంది. ఒక చోట అందరికీ తెలిసి అమలులో ఉన్న నియమం ఒప్పందంలో రాసుకున్న షరతుతో సమానమని ఫుఖహాలు చెప్పారు. కాబట్టి ఆ సొమ్ము జీతంలో ఆలస్యంగా అందే భాగమే. పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని హదీసు హెచ్చరిస్తోంది.

గుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసు మీరు వినే ఉంటారు. వారిలో ఒకడు కూలివాడు వదిలివెళ్ళిన కూలిని పెంచి, పశువుల మందలుగా తిరిగి అప్పగించాడు. ఆ పెంచిన భాగం ఎహ్‌సాన్, అసలు కూలి హక్కు. మన సోదరులు అడుగుతున్నది ఎహ్‌సాన్ కాదు, అసలు కూలి.

“క్షమించి వదిలేయడం పుణ్యం కదా?” అనవచ్చు. నిజమే. కానీ క్షమ ఇష్టపూర్వకంగా ఉండాలి. టికెట్టు, పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని “అంతా ముట్టింది” అని సంతకం చేయించుకుంటే అది క్షమ కాదు, బలవంతం. అలా పుచ్చుకున్న సంతకంతో యజమాని అల్లాహ్ ఎదుట బయటపడలేడు. అర్థం కాని కాగితం మీద మనమూ తొందరపడి సంతకం చేయకూడదు. అప్పు వ్యవహారాన్ని రాసుకోమని బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉండనే ఉంది. అయితే హక్కుతో పాటు బాధ్యతా ఉంది సుమా! ఒప్పందం నడుస్తుండగా చెప్పకుండా పారిపోయి ‘ఖల్లివల్లి’ అయితే మాట తప్పడమే కాక ఆ సొమ్ము కూడా పోవచ్చు.

ఇంతకన్నా సున్నితమైన విషయం మరొకటి. కార్మికుడు అక్కడే మరణిస్తే ఆ సొమ్ము ఎవరిది? అది అతను సంపాదించుకున్న హక్కు గనుక తర్కా అవుతుంది. ముందు అప్పులు తీర్చాలి. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పే కాదు, భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. తర్వాత మూడో వంతుకు మించకుండా వసియ్యత్. మిగిలిన దానిలో, పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు, శేషం పిల్లలకు. నామినీగా పేరు ఉన్నంత మాత్రాన అన్నదమ్ముడు యజమాని కాడు, అమానతుదారు మాత్రమే. గల్ఫ్ మృతుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల ఎక్స్‌గ్రేషియా వంటిది మాత్రం మృతుని సంపాదన కాదు, సహాయం. అది ఎవరికి మంజూరైతే వారిదే. “మా కొడుకు సొమ్ము” అంటూ వితంతువును ఉత్త చేతులతో పుట్టింటికి పంపేవారు, కొడుకుకు అన్యాయం చేసిన కఫీల్‌ను ఏ నోటితో నిందిస్తారు?

కనుక సోదరులారా! ఒప్పంద పత్రం, జీతం చీటీలు, బ్యాంకు కాగితాలు భద్రపరచండి, వాటి నకళ్ళు ఇంట్లో ఉంచండి. సౌదీలో పని ముగిసిన 12 నెలల లోపే దావా వేయాలి. వచ్చేసినవారు అక్కడి నమ్మకస్తునికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి భారత రాయబార కార్యాలయం సాయం కోరవచ్చు. తన హక్కు అడగడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఇతరుల హక్కు మింగడమే విరుద్ధం.

హక్కుదారులకు వారి హక్కులు అందజేసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.