తాడు విప్పితే సరిపోతుందా?



ప్రాణిని చంపనని పంచశీలలో మొదటి మాట ఇస్తాం. 1956లో నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో బాబాసాహెబ్ ఇంకో అడుగు ముందుకేశారు. సకల ప్రాణుల మీద దయ చూపి వాటిని కాపాడతామని మనచేత చెప్పించారు. చంపకపోవడం వేరు, కాపాడటం వేరు. ఆ తేడా ఎండాకాలంలో గొర్రెల మందను చూస్తే తెలుస్తుంది.

దీఘనికాయంలోని కూటదంత సుత్తం చూడండి. కూటదంతుడనే బ్రాహ్మణుడు యజ్ఞం కోసం ఎద్దులు, కోడెలు, పెయ్యలు, మేకలు, పొట్టేళ్లు ఒక్కో రకం 700 చొప్పున తెప్పించాడు. యజ్ఞం ఎట్లా చేయాలో అడగడానికి బుద్ధుడి దగ్గరికి పోయాడు. బుద్ధుడు మహావిజితుడనే రాజు కథ చెప్పాడు. దేశంలో దోపిడీలు పెరిగితే జనాన్ని కొట్టి, చెరలో వేసి లాభం లేదు, వ్యవసాయం చేసేవాళ్లకూ పశువులు పెంచేవాళ్లకూ ముందు విత్తనాలూ తిండీ ఇవ్వమని ఆ రాజుకు పురోహితుడు సలహా ఇచ్చాడట. అంతా విన్న కూటదంతుడు పశువులన్నిటినీ వదిలేశాడు. అంతటితో ఆగలేదు. అవి పచ్చగడ్డి మేయాలి, చల్లని నీళ్లు తాగాలి అన్నాడు. తాడు విప్పాక మేత కూడా ఉండాలి కదా!

ఇక మన దగ్గరికి వద్దాం. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణ దేశంలోనే మొదటిది, దాదాపు 1.9 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్, 1.76 కోట్లు. గొర్రెలు పెరిగాయి గానీ బీళ్లు పెరగలేదు. మహబూబ్‌నగర్, అనంతపురం వైపు గొల్ల కురుమలు ఊళ్లో మేత అయిపోతే మందలు తోలుకొని, కోసిన పొలాలు వెతుక్కుంటూ పోతారు. ఎరువు కోసం మంద కట్టమని రైతే పిలిచి గింజలో డబ్బులో ఇచ్చే పద్ధతి ఉంది. కానీ ఇప్పుడు కోత కాగానే కొయ్యకాళ్లు తగలబెడుతున్నారు. తోటలకు కంచెలు పడ్డాయి. మందు కొట్టిన చేలో మేస్తే గొర్రె చస్తుంది. మేత లేక చూడి గొర్రెను కూడా సంతలో అగ్గువకు అమ్ముకుంటే, అది కోతకు పోతుంది. హింస చేసింది కత్తి పట్టినవాడొక్కడేనా?

ఇక్కడ మనకే ఒక కష్టమైన ప్రశ్న ఉంది. మేత పోరంబోకు, బంచరాయి భూముల్లో పట్టాలివ్వమని మనమూ అడుగుతున్నాం. తరతరాలుగా భూమి లేకుండా చేసినప్పుడు అది న్యాయమైన కోరికే. మీరు దున్నితే నా గొర్రెలు ఎక్కడ మేయాలని కాపరి అడుగుతాడు. అదీ న్యాయమే. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమంది. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన లీజుల్లాంటి వాటికి మినహాయింపు ఉండొచ్చనీ చెప్పింది. అంటే ఈ రెండు న్యాయాలూ ఒకదానికొకటి శత్రువులు కావు. మనం రెండెకరాల దగ్గర కొట్టుకుంటూ ఉంటే, పెద్దోళ్లు వేసిన వందెకరాల కంచె ఎవరి కంటా పడదు.

ఇవ్వనిది తీసుకోనన్నది రెండో శీలం. పక్క చేలో గొర్రె పడితే దొంగమేత అంటారు. మరి ఊరందరి బీడును ఒక్కడు కంచె వేసుకుంటే దాన్నేమనాలి? గట్టు మీద గడ్డి కోసుకున్నందుకు మన ఆడవాళ్లు ఎన్ని తిట్లు పడ్డారు! పశువులు తాగే చవుదార్ చెరువు నీళ్లు మనం ముట్టకూడదన్నందుకే 1927లో మహాడ్ పోరాటం జరిగింది. ఉమ్మడి సొత్తు నుంచి వెలేస్తే ఎట్లుంటదో మనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ వెలి నోరులేని జీవాలకు పడుతుంటే ఊరుకోవడం ధమ్మం కాదు.

కాబట్టి మీ ఊరి మేత భూమి సర్వే నంబర్లు, అందులో మిగిలిందెంతో చెప్పమని తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గొర్రెల కాపరులను పిలిచి మాట్లాడండి. ఇంట్లో రెండు మేకలు సాకే మన అక్కచెల్లెళ్లను ఆ మాటల్లో ముందు కూర్చోబెట్టండి. భూమిలేనివాళ్లకు సాగుభూమి, మందకు మేతభూమి కావాలని గ్రామసభలో ఒక్క గొంతుతో అడగండి. మైత్రి భావన చేసి లేచాక మనం చేయాల్సిన పని ఇది.

నమో బుద్ధాయ! జై భీమ్!