ప్రాణం దక్కింది, మరి చెయ్యి?



"ప్రాణం దక్కింది, అదే పదివేలు. చెయ్యి వాపుదేముంది, ఓర్చుకో." రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొంది ఇల్లు చేరిన తల్లితో మనం తేలికగా అనే మాట ఇది. ఓర్పు సుగుణమే. కాని తగ్గించదగిన బాధను ఓర్చుకోమనడం ధర్మమేనా?

చేతిలోని శోషరసం చంకలోని గ్రంథుల గుండా ప్రవహిస్తుంది. చికిత్సలో ఆ గ్రంథులను తీసివేసినా, వాటికి రేడియేషన్ ఇచ్చినా దారి దెబ్బతిని, రసం చేతిలోనే నిలిచిపోవచ్చు. ఆ వాపునే లింఫెడీమా అంటారు. 2013లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, చంక గ్రంథులను విస్తారంగా తీసివేసినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి, ఒకటి రెండు గ్రంథులను మాత్రమే పరీక్షకు తీసినవారిలో నూటికి ఐదారుగురికి ఇది వచ్చింది. ఏండ్ల తరువాత కూడా రావచ్చు. గాజు ఎక్కకపోవడం, జాకెట్టు చెయ్యి బిగుసుకోవడం, చెయ్యి బరువెక్కడం తొలి గుర్తులు.

కంఠేశ్వర్‌లో బీడీలు చుట్టే తల్లికి, బోధన్ వైపు చెరుకు తోటలో పనిచేసే తల్లికి చెయ్యి అంటే అన్నమే. ఆ చేతిపై చెరుకాకు గీసిన చిన్న గీత కూడా ప్రమాదం తేవచ్చు. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

వాపు పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది. చర్మాన్ని శుభ్రంగా, మెత్తగా ఉంచుకోవడం, శిక్షణ పొందినవారి మర్దన, కట్లు, బిగువు తొడుగు, వ్యాయామం ఇందుకు మార్గాలు. బరువే ఎత్తకూడదన్నది పాత మాట. 2009లో అమెరికాలో వాపు ఉన్న 141 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనంలో, శిక్షణతో మెల్లమెల్లగా బరువులెత్తడం వాపును పెంచలేదని తేలింది.

అయినా ఆపరేషనుకు అప్పు చేసిన ఇల్లు తొడుగు కొనడానికి వెనకాడుతుంది. హైదరాబాదుకు మళ్ళీ ఛార్జీలెందుకంటుంది. మార్కు సువార్త మూడవ అధ్యాయంలోని చెయ్యి ఎండిపోయిన మనిషిని తలచుకోండి. అతనికి ప్రాణాపాయం లేదు. విశ్రాంతి దినం గడిచేదాకా ఆగవచ్చు. ప్రభువు ఆగలేదు.

తప్పించలేని బాధను భరించడం ఓర్పు. తగ్గించగల బాధను ఒకరిచేత భరింపజేయడం తక్కినవారి నిర్లక్ష్యం. దానికి ఓర్పు అని పేరు పెట్టి ఆ తల్లిని పొగడడం ఇంకా పెద్ద తప్పు.

ఈ ఆదివారం పూజ నుండి ఇంటికి వెళ్ళాక, మీ ఇంట అటువంటి తల్లి ఉంటే, ఆమె రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే, ప్రయాణానికి రోజు నిర్ణయించండి. ఆమె అడిగేదాకా ఆగవద్దు.