మలుపు దగ్గర బేరం

శబరి నదికి ఆమడ దూరంలో ఒక ఊరు. ఊరి మొదట్లో పెద్ద చింతచెట్టు, దాని పక్కనే వాగు. జగదల్‌పూర్ నుంచి భద్రాచలం పోయే రోడ్డు ఆ రెండింటినీ తప్పించుకుంటూ అక్కడ గట్టిగా వంకర తిరిగేది. లోడు లారీ ఎంతటిదైనా ఆ మలుపులో మొదటి గేరులోకి రావలసిందే. క్లీనరు కుర్రాడు కిందికి దూకి, వెనక చక్రం అంచు చూసుకుంటూ "రానీ, రానీ" అని కేకలేస్తుంటే, మనిషి నడక కంటే నెమ్మదిగా తిరిగేది లారీ.

ఆ మలుపులో ఒక అవ్వ గంప పెట్టుకుని కూర్చునేది. మాఘం దాటాక చింతపండు, ఆపైన ఇప్పపువ్వు, ఎండలు ముదిరాక సారపప్పు. లారీవాళ్ళు కొనేది తక్కువే. బెజవాడ డ్రైవరు ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి "కిలో ఎంతవ్వా?" అంటాడు. ఆమె చెబుతుంది. "అమ్మో" అంటాడు. మలుపు తిరిగేలోగా కుదిరితే కుదిరింది, లేకపోతే లేదు.

ఆ కుదరని బేరమే సంతలో పనికొచ్చేది. అక్కడ సేఠు తక్కెడ పెట్టుకుని కూర్చుంటాడు. "పదికిస్తావా?" అంటాడు. "నిన్న లారీవాడు పన్నెండు అన్నాడయ్యా" అంటుంది అవ్వ. లారీవాడు గంపెడు కొనడని సేఠుకు తెలుసు. తెలిసినా, రోజూ అన్ని లారీలు ఊళ్ళో నెమ్మదిస్తుంటే ఆ మాటను కొట్టిపారేయలేడు. కాసేపు గొణిగి పన్నెండుకే తూచేవాడు. అవ్వను చూసి మిగతా ఆడవాళ్ళూ పన్నెండే అడిగేవారు.

ఒక ఏడు రోడ్డు సార్లు వచ్చారు. మూడుకాళ్ళ యంత్రం పెట్టి కొలిచారు, ఎర్రజెండాల కర్రలు పాతారు. ఊరిని చింతచెట్టు కింద కూర్చోబెట్టి పెద్దసారు చెప్పాడు. రోడ్డు వెడల్పు చేస్తాం, ఈ వంకర తీసేసి చేలమీదుగా తిన్నగా వేస్తాం, వాగు మీద వంతెన కడతాం. ఇప్పుడు గంటకు నాలుగు లారీలు పోతుంటే రేపు నలభై పోతాయి. లారీలు పెరిగితే వ్యాపారం పెరుగుతుంది, మీ సరుక్కి ధర పెరుగుతుంది.

భూమి పోయేవాళ్ళు పరిహారం సంగతి అడిగారు. రోడ్డు పనిలో కూలి దొరుకుతుందా అని ఒక కుర్రాడు అడిగాడు. సారు అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు, మంచివాడే. చివర్న అవ్వ లేచింది.

"సారూ, ఆ నలభై లారీలు ఎక్కడ ఆగుతాయి?"

"ఆగకుండా పోవడానికే కదమ్మా ఈ రోడ్డు!" అని నవ్వాడు సారు.

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. సారు నవ్వినప్పుడు నవ్వకపోతే బాగుండదు.

రోడ్డు వచ్చింది. మంచి రోడ్డు, అబద్ధమెందుకు. ఆ వానాకాలంలోనే నొప్పులొచ్చిన ఒక కోడలిని రాత్రికి రాత్రి ఆస్పత్రికి చేర్చారు. పాత రోడ్డయితే వాగు దగ్గరే తెల్లారేది. బస్సు వేళకు వస్తోంది. చింతచెట్టు కొమ్మ ఒక్కటి కూడా కొట్టలేదని సారు గర్వంగా చెప్పుకున్నాడు, అదీ నిజమే. చెట్టు మిగిలింది, మలుపు పోయింది.

అవ్వ గంప ఎత్తుకెళ్ళి కొత్త రోడ్డు పక్కన కూర్చుంది. ఒక్క లారీ ఆగలేదు. ఆపుదామని డ్రైవరుకు ఉన్నా వీలు కాదు. తారు అంచు దాటితే మట్టికట్ట, దాని కింద పల్లం. చక్రం దిగిందంటే లోడు బోల్తా. రోడ్డు మీదే ఆపితే వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు.

సంతలో సేఠు "పది" అన్నాడు. "లారీవాడు..." అని అవ్వ నోరు తెరిచేలోగా దూరంగా పద్నాలుగు చక్రాల లారీ ఒకటి హారను మోగించుకుంటూ పోయింది. సేఠు అటు గడ్డం ఎత్తి చూపించాడు.

"పిలువు మరి, అవ్వా."

పదికే ఇచ్చింది. మరుసటి వారం తొమ్మిదన్నరకు. ఇక ఆ ఊళ్ళో ఆగే లారీ ఒక్కటే మిగిలింది, అది సేఠుది. అతని గోదాము ముందు లారీ తిప్పుకోవడానికి సొంత జాగా ఉంది.

కుర్రాళ్ళకు కోపమొచ్చింది. రాత్రిపూట బండలు పేర్చి, మట్టి కప్పి స్పీడు బ్రేకరు చేశారు. తెల్లారి పోలీసులొచ్చి తీయించి, నలుగురి పేర్లు రాసుకుపోయారు. ఆ అడవి ఊళ్ళలో పోలీసులు పేరు రాసుకోవడమంటే ఏమిటో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. మళ్ళీ ఎవరూ బండ జోలికి పోలేదు.

చివరికి దారి దొరికింది, అదీ ఎవరూ తలపెట్టకుండానే. పని జరిగినన్నాళ్ళూ రోలర్లు, కంకర, తారు పీపాలు పెట్టుకోవడానికి కాంట్రాక్టరు రోడ్డు పక్క చేను ఒకటి కౌలుకు తీసుకుని చదును చేయించాడు. పనయ్యాక సామాను పోయింది, గట్టిపడ్డ కంకర నేల మిగిలింది. ఒకరోజు ఒక లారీ అక్కడికి దిగింది. డ్రైవరు ఇనుపకడ్డీతో టైర్లు ఒక్కొక్కటే కొట్టి చూసుకున్నాడు, పట్టా తాళ్ళు బిగించుకున్నాడు, చెంబుతో నీళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. కొన్నాళ్ళకు అక్కడ ఎప్పుడు చూసినా మూడు నాలుగు లారీలు. అవ్వ గంప అక్కడికి మారింది. ఆ వెనకే మరికొన్ని గంపలు, ఒక టీ పొయ్యి.

ఆ వారం సంతలో సేఠు అవ్వ ముఖంలోకి చూశాడు. ఆమె ఏమీ అనలేదు. "సరే, పదకొండు చేసుకుందాం" అన్నాడు తనే.

పన్నెండు మాత్రం మళ్ళీ రాలేదు. కంకర తీయించేసి చేను దున్నుకుంటానని ఆ రైతు అప్పుడే అంటున్నాడు.

నీతి: లారీ ఆగే చోటు లేని రోడ్డు ఎంత వెడల్పైనా, ఆ ఊరివాళ్ళ బేరం ఇరుకుగానే ఉంటుంది.

కథలో ఊరికి పేరు పెట్టలేదు గానీ, రాస్తున్నంతసేపూ మనసులో ఉన్నది దోర్నపాల్. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మాకూ కోంటాకూ నడుమ, దాదాపు సగం దారిలో ఉంటుంది. తూర్పున శబరి దాటితే ఒడిశా మల్కాన్‌గిరి జిల్లా. ఊరి మధ్యనుంచి పోయేది 30వ నెంబరు జాతీయ రహదారి. భద్రాచలం, కొత్తగూడెం వాళ్ళకు అది పాత 221గానే గుర్తు. 2010లో నెంబర్లు మార్చినప్పుడు, ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలై లక్నో, ప్రయాగ్‌రాజ్, జబల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా వచ్చే పొడవాటి దారిలో అది కలిసిపోయింది. చివర బెజవాడ పక్కన ఇబ్రహీంపట్నం. అంత పొడవు దారిని కాగితం మీద చూసేవాడికి లారీ రాయ్‌పూర్ నుంచి బెజవాడకు ఎన్ని గంటల్లో చేరుతుందన్నదే లెక్క. దోర్నపాల్‌లో గంప పెట్టుకున్న మనిషి ఆ లెక్కలోకి రాదు.

బస్తర్‌లో వ్యాపారులు ఉప్పు ఇచ్చి, తూకానికి తూకం సారపప్పు పట్టుకుపోయిన రోజుల గురించి పాతతరం ఇప్పటికీ చెబుతుంది. పట్నంలో సారపప్పు ధర ఎంతో తెలిసినవాళ్ళు ఆ మాట వింటే గుండె చెరువవుతుంది. రోడ్లు లేకపోవడం వల్లే అలా జరిగిందని మనం చాలాకాలం అనుకున్నాం. రోడ్డు లేదు, నిజమే. దానికంటే ముందు అక్కడ రెండో కొనుగోలుదారు లేడు. కథలో అవ్వ లారీకి అమ్మింది తక్కువ. లారీ ఉందన్న మాటతో సేఠుకు అమ్మింది ఎక్కువ. 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. అది చేయగలిగే మేలూ ఇదే. సంతరోజున కొనుగోలు కేంద్రం తెరిచి ఉంటే చాలు, అక్కడ అమ్మనివాళ్ళకు కూడా ధర పలుకుతుంది. మూసి ఉంటే ఆ ధర కాగితం మీదే ఉంటుంది.

దోర్నపాల్‌లో లోపలికి చీలే దారి సంగతి ఇంకా బరువైనది. జగర్‌గుండ దాకా 56 కిలోమీటర్లు. జగర్‌గుండ ఒకప్పుడు చింతపండుకు పేరుపడ్డ సంత. 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలయ్యాక ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. దోర్నపాల్‌లో పెద్ద శిబిరం వెలిసింది. వేల మంది ఖమ్మం, భద్రాచలం అడవుల వైపు వచ్చేశారు. మనం గుత్తికోయలని పిలిచేది వాళ్ళనే. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది గానీ, అప్పటికే సంతలు చెదిరిపోయాయి. జగర్‌గుండ దారి పక్కనే 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర, రోడ్డు పనికి కాపలా ఉన్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోయిన దారి మీద మొదట తుపాకులు నడిచాయి, తరవాత కాపలా మధ్య రేషను నడిచింది. ఇక ఎదురు దిశలో సరుకు రావాలి. అది వచ్చి చేరేది దోర్నపాల్ కూడలికే.

ఆ కూడలిలో లారీ ఎక్కడ ఆగాలి? రెండు వరుసల రహదారికి బండ్లు నడిచే వెడల్పు 7 మీటర్లు, రెండు పక్కలా గట్టి భుజాలు కలిపితే 10 మీటర్లు అని లెక్కగా వేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మాన్యువల్‌లో లారీలు పక్కకు దిగి ఆగే చోట్ల గురించి కూడా ఉంది. దాన్ని ట్రక్ లే-బై అంటారు. అయితే అంచనా వ్యయం తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట కత్తెర పడేది దాని మీదేనని నా అనుమానం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు శబరి వెనక్కి తన్నింది, చింతూరు, కోంటా పక్కల ఈ రహదారి నీట మునిగింది. అప్పుడు ఆగాయి లారీలు. కొనడానికి కాదు పాపం.

సంత నడుమ నుంచే లారీలు పోవాలని అడగడం తగదు. పిల్లలు, మేకలు, తాగి తూలేవాళ్ళు ఉండే చోట నలభై టన్నుల బండి పోవడం ప్రమాదమే. వంకర తీయడం, ఊరి బయటినుంచి దారి వేయడం చాలాచోట్ల సబబే. ఇదే రహదారి మీది కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు ఎక్కిన డ్రైవరును అడిగితే మలుపులంటే ఏమిటో చెబుతాడు. కానీ దారిని ఊరి బయటికి జరిపినప్పుడు ఊరి బేరాన్ని కూడా దాని వెంట జరపాలి. భూసేకరణ నోటీసు వెలువడి, హద్దురాళ్ళు పాతాక లారీలు ఆగడానికని ఇంకో రెండెకరాలు అడిగితే ఫైలు మళ్ళీ మొదటినుంచి నడవాలి. జగర్‌గుండ దారి చీలే చోట లారీలు దిగే కంకర జాగా, అందరికీ కనబడేలా ముల్లు తిరిగే తూకం మిషను, చింతపండు వానకు తడవకుండా రెండు నెలలు దాచుకునే రేకుల షెడ్డు, ఆ షెడ్డు తాళం ఊరి ఆడవాళ్ళ సంఘం చేతిలో... ఇవన్నీ ఆ నోటీసు కంటే ముందే ప్లానులో గీసి ఉండాలి.