మంద ఆపదలో ఉంటే కాపరి ఎక్కడ?



ఈ వారం మీ ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాను. ఆపద ముంచుకొచ్చినప్పుడు ప్రాణం కాపాడుకోవటానికి పక్కకు తొలగిన కాపరి తప్పు చేసినట్టేనా?

"ఇందులో అడగటానికేముంది ఫాదర్ గారూ, తోడేలును చూసి పారిపోయేవాడు జీతగాడని ప్రభువే చెప్పారు గదా" అంటారు మీరు. నిజమే. యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఆ సంగతి ఉన్నది. కాని ఒక పట్టణంలో హింసిస్తే మరొక పట్టణానికి వెళ్ళిపొమ్మని శిష్యులకు చెప్పినదీ ఆ ప్రభువే (మత్తయి 10:23). దమస్కులో తనను పట్టుకోజూసినప్పుడు పునీత పౌలుగారు గంపలో కూర్చుని గోడమీదుగా దిగి తప్పించుకున్నారు. ఆయనను జీతగాడని అనగలమా? మరి ఏ మాటను ఎప్పుడు పాటించాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 429లో వాండలులనే జాతివారు స్పెయిను దేశం నుండి సముద్రం దాటి ఉత్తర ఆఫ్రికా మీద పడ్డారు. ఊళ్ళు తగలబడుతున్నాయి. జనం చెల్లాచెదరవుతున్నారు. మేత్రాణులు, గురువులు ఉండాలా, వెళ్ళిపోవాలా? హోనోరాతుస్ అనే మేత్రాణులు ఈ సందేహాన్ని హిప్పో నగర మేత్రాణులైన పునీత అగస్టీనువారి ముందు పెట్టారు. వారు రాసిన జవాబు నేటికీ మనకు దక్కింది. వారి లేఖలలో అది 228వది.

అగస్టీనువారు ముందుగా అడిగేది ఇది: ఆపద ఎవరిని వెతుక్కుంటూ వచ్చింది? శత్రువు కాపరి ఒక్కడినే వెతుకుతుంటే, మందను చూసుకోవటానికి తక్కిన గురువులు ఉంటే, ఆయన తప్పుకోవచ్చు. పౌలుగారు చేసినదీ, అలెగ్జాండ్రియా మేత్రాణులు పునీత అథనాసియుసువారు చేసినదీ అదే. కాని ఆపద అందరికీ ఒకటే అయినప్పుడు, ఎవరి అవసరం జనానికి ఉన్నదో వారు ఆ జనాన్ని విడిచిపెట్టరాదు. అందరూ కలసి భద్రమైన చోటికి పోవచ్చు. పోలేక మిగిలినవారు ఉంటే వారితో కాపరి కూడా ఉండాలి. ఎందుకంటే ఆపద మీదపడ్డ రోజున జనం దేవాలయానికే పరుగెత్తుకొస్తారు. ఒకరికి జ్ఞానస్నానం కావాలి, ఒకరికి పాపక్షమాపణ కావాలి, అందరికీ ఓదార్పు కావాలి. వచ్చినప్పుడు అక్కడ ఇచ్చేవాడు లేకపోతే?

"అందరు గురువులూ చచ్చిపోతే రేపు శ్రీసభను చూసేదెవరు?" అనే మాటనూ వారు తోసిపుచ్చలేదు. అటువంటప్పుడు ఎవరు ఉండాలో, ఎవరు వెళ్ళాలో చీట్లు వేసి తేల్చుకోమన్నారు. తనంతట తానే "నేను వెళ్ళాలి" అనేవాడు పిరికివాడిగా కనబడతాడు, లేదా శ్రీసభకు తన అవసరమే ఎక్కువనుకునే గర్విగా కనబడతాడు. మన భయం మనకే తీర్పరిగా కూర్చోరాదని దీని భావం.

వారు రాసి ఊరుకోలేదు. ముసలితనం వచ్చిందని, తన తరువాత జనం ఇబ్బంది పడకూడదని, 426లోనే దేవాలయంలో ప్రజలందరి ఎదుట ఎరాక్లియుస్ అనే గురువును తన వారసుడిగా ప్రకటించారు. 430లో వాండలులు హిప్పోను ముట్టడించారు. అగస్టీనువారు నగరం విడిచిపోలేదు. ముట్టడి మూడవ నెలలో జబ్బుపడి, ఆగస్టు 28న, 75 ఏండ్ల వయసులో తన జనం మధ్యనే కన్నుమూశారు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఆ ఉత్తరం చదివాను. పరీక్షకు కావలసినంత చదివాను. దాని బరువు నాకు తెలిసింది 2021 మే నెలలో.

అప్పుడు నేనున్న విచారణలో ముప్పై ఏండ్లు ఉపదేశిగా పనిచేసిన పెద్దాయన కరోనాతో ఆస్పత్రిలో చనిపోయారు. శవాన్ని అంబులెన్సులో నేరుగా సమాధుల దొడ్డికి తీసుకుపోతూ, దారిలో ఉన్న మన దేవాలయం ముందు రెండు నిమిషాలు ఆపారు. నేను లోపల గదిలో ఉన్నాను. నాకు షుగరు వ్యాధి. ఫోనులో ప్రార్థనలు చెప్పాను. నలుగురు కుర్రవాళ్ళు ఆయనను మట్టిచేశారు. నిబంధనలు పాటించానని, వివేకంగా నడుచుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

కొన్ని నెలల తరువాత ఆయన భార్య నాతో నెమ్మదిగా అన్నది: "మీరు లోపలే ఉన్నందుకు నేనేమీ అనుకోలేదు ఫాదర్ గారూ. గేటు దాకా వచ్చి నిలబడినా బాగుండేది."

గేటు దాకా రావద్దని ఏ నిబంధనా చెప్పలేదు. అంత దూరం నుండి ఎవరికీ ఏ జబ్బూ అంటదు. నేను ఊరు విడిచి పారిపోలేదు, నిజమే. కాని నా జనం దగ్గర నేను ఉన్నానా?

అంటువ్యాధి వాండలుల కత్తివంటిది కాదు. కాపరి దగ్గరకు వెళితే ఆ జబ్బును తానే మందలోకి మోసుకుపోవచ్చు. కాబట్టి దూరంగా ఉండటం కొన్నిసార్లు ప్రేమే. తక్కిన సుగుణాలను నడిపించేది వివేకమని పునీత తోమాసు అక్వీనాసువారు బోధించారు. అయితే భయం కూడా వివేకం పేరు చెప్పుకునే వస్తుంది. రెంటినీ వేరు చేసేదెట్లా? నాకు ఆ తల్లి మాటే గీటురాయి అయింది. నిలబడిన దూరం నుండి చేయగలిగినదంతా చేశానా? చేసి ఉంటే అది వివేకం. చేయకపోతే, ఎన్ని నిబంధనలు చూపించినా, అది భయం.

అదే కాలంలో పెరూ దేశంలోని చిక్లాయో మేత్రాసనంలో ఒక మేత్రాణులు ఆక్సిజను ప్లాంట్ల కోసం విరాళాలు పోగుచేయించారు. అగస్టీనువారి పేరిట వెలసిన సన్యాసుల సభకు చెందిన ఆయనే 2025 మే 8న పద్నాలుగవ లియో పోపుగారిగా ఎన్నికయ్యారు. దూరం తప్పనప్పుడు కూడా చేయి చాచే దారులుంటాయని వారు చూపించారు.

ఇదంతా గురువుల సంగతి అని పక్కన పెట్టకండి. ప్రతి ఇల్లూ ఒక చిన్న మందే. కాలం మారింది. పిల్లలు హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో ఉన్నారు; ఊళ్ళో ముసలివారు ఒంటరిగా ఉన్నారు. బ్రతుకుతెరువు కోసం దూరం పోవటం పాపం కాదు. కాని అగస్టీనువారి ప్రశ్న మీకూ వర్తిస్తుంది: వారికి కావలసినది చేసిపెట్టే మనిషి అక్కడ ఉన్నాడా? మీరు పంపిన డబ్బు మందులు కొంటుంది. రాత్రి పూట పిలిస్తే పలికేదెవరు?

మన విచారణలకు నాదొక మనవి. తుఫాను కానీ, జబ్బు కానీ మనలను అడిగి రాదు. ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు ఇప్పుడే రాసుకోండి. ఆపద వచ్చినప్పుడు ఎవరు ఎవరింటికి వెళ్ళాలో, వెళ్ళే పని ఎప్పుడూ ఆ ఇద్దరి మీదే పడకుండా, వంతులు వేసుకోండి. ఆ జాబితాలో మీ గురువు పేరు కూడా చేర్చండి. భయపడితే అతనికి గుర్తుచేయండి. అతనూ మనిషే.

ఆ ఉపదేశి సమాధి దగ్గరకు నేను తరువాత వెళ్ళాను. ఆలస్యంగానైనా, ఆయన భార్య పక్కన నిలబడి ప్రార్థన చెప్పాను. ఇప్పుడు ఏ విచారణకు మారినా, దేవాలయం ముందు శవపేటిక ఆగిందని తెలిస్తే గేటు దాకా నడుస్తాను.

మంచి కాపరియైన ప్రభువు మనందరినీ కాపాడి నడిపించును గాక. ఆమెన్.